అపొస్తలుడు: ఎవరి పంపున?

గ్రీకు నుంచి మన దాకా వచ్చిన మాటల్లో కొన్ని పూర్తిగా మనవైపోయాయి. పంచాంగంలో హోర, జాతకంలో కేంద్రం సంస్కృతం మీదుగా వచ్చి ఎప్పుడో ఇంటి మాటలయ్యాయి. అపొస్తలుడు అనే మాటకు ఆ భాగ్యం దక్కలేదు. తెలుగు బైబిలు అచ్చులోకి వచ్చి 200 ఏళ్లు దాటింది. అయినా నిజామాబాద్ జిల్లాలోని మా భీమ్‌గల్‌లో ఈ మాట ఆదివారం ఆరాధనలో తప్ప ఎక్కడా వినపడదు. బీడీలు చుట్టే వాకిట్లో, బస్టాండులో, లింబాద్రి గుట్ట జాతరలో ఎవరి నోటా రాదు. ఆరాధనలో కూడా ‘అపొస్తలుల కార్యములు’ గ్రంథం నుంచి వాక్యం చదివే మనిషి ‘పొ’ దాటి ‘స్త’ దగ్గరికి వచ్చేసరికి ఒక్క క్షణం ఆగుతుంది, ఊపిరి కూడదీసుకుని ‘లుల కార్యములు’ అని ముగిస్తుంది. పెద్దవయసు వాళ్లు ‘అపోస్తుల’ అని సులువు చేసుకుని ముందుకు పోతారు. నోటికి అంత దూరంగా ఉండిపోయిన మాట ఇది.

అర్థం మాత్రం చాలా దగ్గరిది. అపొస్తలుడు అంటే పంపబడినవాడు. ఒకరు పంపితే ఇంకొకరి దగ్గరికి పోయినవాడు. ఇంత చిన్న అర్థాన్ని మోసే మాట మన దగ్గర బిరుదులా, కిరీటంలా ఎందుకు మారిందన్నదే నా బాధ. అందుకే దీని పుట్టుక నుంచి మొదలుపెడుతున్నాను.

ముందు రూపం సంగతి. గ్రీకులో ‘అపొస్తొలోస్’. మధ్యలోని రెండు ఒకారాలూ హ్రస్వాలే. తెలుగు బైబిలు మొదటి ఒకారాన్ని హ్రస్వంగానే నిలిపింది: అపొ. రెండోదాన్ని అకారం చేసింది: స్తలు. తమిళంలో ఈ మాట ‘అప్పోస్తలన్’. అక్కడ పకారం రెట్టించింది, ఒకారం దీర్ఘమైంది, కానీ ‘స్తల’ మాత్రం మనలాగే ఉంది. తమిళ కొత్త నిబంధన తరంగంబాడిలో 1715లోనే అచ్చయింది. ఆ శతాబ్దం తొలి సగంలోనే తెలుగులోకి బైబిలు దించిన బెంజమిన్ షుల్ట్జ్ కూడా ఆ తరంగంబాడి మిషన్ నుంచి వచ్చినవాడే. ఆయన అనువాదం అచ్చుకాలేదు. 1805లో విశాఖపట్నం చేరిన మిషనరీలు క్రాన్, డెగ్రాంజెస్ చేతుల్లో తెలుగు అనువాదం మళ్లీ మొదలైంది. ఈ వరస చూస్తే మన మాటకు తల గ్రీకుది, తోక తమిళానిది అని నాకనిపిస్తుంది. గోడల మీద, బోర్డుల మీద ‘అపోస్థలుడు’ అని కూడా కనిపిస్తుంది. స్థలం అనే మాట చేతికి అలవాటు కాబట్టి ఆ థకారపు వత్తు దానంతటదే వచ్చి కూర్చుంటుంది. అది తప్పు. ఈ మాటకు ఏ స్థలంతోనూ చుట్టరికం లేదు. అసలు ఉన్న చోటు విడిచి పోవడమే దీని స్వభావం.

తెలుగు ఈ పరాయి మాటకు చేసిన మర్యాద కూడా గమనించాలి. ఏకవచనంలో మన ‘డు’ తగిలించింది. భావవాచకం కావలసి వచ్చినప్పుడు సంస్కృతపు ‘త్వము’ తెచ్చి అపొస్తలత్వము అంది. అపొస్తలుల వేషం వేసుకున్నవాళ్ల గురించి బైబిల్లో పౌలు ‘ప్సెవ్దపొస్తొలోస్’ అనే సమాసం వాడితే, మన అనువాదకులు అచ్చ తెలుగు విశేషణం ముందు పెట్టి ‘దొంగ అపొస్తలులు’ అన్నారు. ఎంత చక్కటి పలుకుబడి! దొంగ సాక్షి, దొంగ స్వామి అన్నట్టే ఉంది. గ్రీకు, సంస్కృతం, దేశ్యం మూడూ ఒక్క మాట చుట్టూ చేరాయి.

గ్రీకులో ఈ మాట మొదటి బతుకు మతానికి సంబంధించింది కాదు. ‘అపొ’ అంటే నుంచి, ‘స్తెల్లో’ అంటే సిద్ధం చేసి సాగనంపడం. ఏథెన్స్ వాళ్లు యుద్ధానికి పంపే ఓడల దండును అలా పిలిచేవాళ్లు. ఈజిప్టులో దొరికిన పపైరస్ కాగితాల్లో ఓడ సరుకుల పత్రానికి కూడా ఇదే మాట. మనిషి అనే అర్థం అరుదు. హెరొడొటస్ చరిత్రలో లిడియా రాజు అల్యాత్తెస్ మిలేతుకు పంపిన వార్తాహరుడిని ఇలా అన్నాడు. యూదుల గ్రంథాన్ని గ్రీకులోకి దించినప్పుడు ఈ మాట ఒక్క చోటే పడింది, రాజుగారి భార్యకు చేదు కబురు చెప్పాల్సి వచ్చిన అహీయా ప్రవక్త విషయంలో. అటువంటి మాట కొత్త నిబంధనలోకి వచ్చేసరికి ఏకంగా 80 చోట్లకు పెరిగింది. దాని వెనక ఒక యూదు భావం నిలబడిందని చాలామంది పండితులు అంటారు: షలియాహ్. ఒకడు తన తరఫున ఇంకొకణ్ణి పంపితే, ఆ వచ్చినవాడిని పంపినవాడుగానే లెక్కించాలని యూదుల ధర్మశాస్త్రం. వాడు కుదిర్చిన సంబంధం చెల్లుతుంది, వాడు చేసిన బేరం చెల్లుతుంది. సురియానీలో ఇదే ష్లీహా. కేరళ క్రైస్తవులు తోమాను ఇప్పటికీ మార్తోమా శ్లీహా అంటారు.

ఈ భావం మనకు కొత్త కాదు. కౌటిల్యుడు దూతలను మూడు రకాలు చేశాడు. నిసృష్టార్థుడు అంటే పని మొత్తం అతని చేతిలో పెట్టి పంపిన దూత. అక్కడి పరిస్థితి చూసి తనే నిర్ణయం తీసుకోగలడు. పరిమితార్థుడికి హద్దు గీసి పంపుతారు. శాసనహరుడు ఉత్తరం ఇచ్చి వచ్చేవాడు, అంతే. ఊరూరా గుడి ఉన్న హనుమంతుణ్ణే తీసుకోండి. చూసి రమ్మంటే కాల్చి వచ్చాడని సామెత. ఆయన హద్దు మీరాడని రాముడు కోపగించుకోలేదు; పంపినవాడి మనసు తెలిసిన దూత గనుక. షలియాహ్ కూడా, అపొస్తలుడు కూడా ఆ నిసృష్టార్థుడి వరసలోవాళ్లే.

అలాంటప్పుడు అనువాదకులు ‘దూత’ అనే వాడేస్తే సరిపోయేది కదా? వాడారు కూడా, కొన్ని చోట్ల. ఫిలిప్పీ సంఘం డబ్బు పంపి, పౌలుకు సాయంగా ఉండమని ఎపఫ్రొదితు అనే మనిషిని పంపింది. పౌలు అతణ్ణి మీ అపొస్తలుడు అని గ్రీకులో రాశాడు. మన బైబిల్లో అది దూత అయింది. కొరింథీయుల రెండో పత్రికలో చందా డబ్బు పనిమీద పంపిన సోదరులకూ అదే మాట, అక్కడా మనకు దూతలే. యోహాను సువార్తలో యేసు శిష్యుల కాళ్లు కడిగిన తర్వాత ఇదే మాట వాడితే, అక్కడ ‘పంపబడినవాడు’ అని విప్పి రాశారు. హెబ్రీయుల పత్రికలో సాక్షాత్తు యేసును ఈ మాటతో పిలిచిన చోట మాత్రం మళ్లీ అపొస్తలుడు. ఒకే గ్రీకు మాటకు మూడు తెలుగు రూపాలు.

దీనికి కారణం లేకపోలేదు. దూత అనే మాటను అప్పటికే దేవదూతకు ఇచ్చేశారు. రెక్కలున్నవాళ్లకూ కాళ్లరిగేలా నడిచినవాళ్లకూ ఒకే పేరు పెడితే చదివేవాడు గజిబిజి పడతాడు. అందుకే యేసు శిష్యులైన పన్నెండుమందికీ పౌలుకూ గ్రీకు మాటనే ఉంచేశారు. కానీ దానివల్ల ఒక నష్టం జరిగింది. డబ్బు సంచీ మోసిన ఎపఫ్రొదితుకూ పేతురుకూ మధ్య గ్రీకు పాఠకుడికి కనిపించే చుట్టరికం తెలుగు పాఠకుడికి కనిపించకుండా పోయింది. సంఘం పనిమీద పోయినవాడు దూత, గొప్పవాడు అపొస్తలుడు అన్న తేడా మనకు అనువాదంలోనే పుట్టింది.

ఈ మాట కోసం జీవితమంతా కొట్లాడిన మనిషి పౌలు. తార్సు పట్టణంవాడు, యూదు పేరు సౌలు, గమలీయేలు దగ్గర ధర్మశాస్త్రం చదివినవాడు. క్రైస్తవులను పట్టి బంధించడానికి అధికారపత్రాలు చేతబట్టుకుని దమస్కు బయల్దేరాడు. అంటే ఆయన మొదట కూడా పంపబడినవాడే, ప్రధానయాజకుడి పంపున. దారిలో ఆ పంపు మారిపోయింది. యేసు బతికుండగా వెంట నడిచినవాడు కాదు, పన్నెండుమందిలో లేడు. అందుకే ఆయన ఎక్కడికి పోయినా ఒకటే ప్రశ్న: నిన్నెవరు పంపారు? గలతీయులకు రాసిన పత్రిక మొదటి వాక్యంలోనే దానికి జవాబు చెప్పాల్సి వచ్చింది. కొరింథులో అయితే వేరేవాళ్లు సిఫారసు ఉత్తరాలు పట్టుకొచ్చి ఈయన దగ్గర ఏముందని నిలదీశారు. మీరే నా ఉత్తరం అని పౌలు వాళ్లకు జవాబిచ్చాడు. దుబాయి, మస్కట్ పోవడానికి కాగితాలు పట్టుకుని తిరిగిన మా ప్రాంతం పిల్లలకు సిఫారసు ఉత్తరం విలువ తెలుసు. అది లేకపోతే ఎదుటివాడు ఎలా చూస్తాడో కూడా తెలుసు.

ఆ కొరింథులోనే ఆయన అకుల, ప్రిస్కిల్ల దంపతుల ఇంట్లో ఉండి డేరాలు కుట్టి పొట్ట పోసుకున్నాడు. గల్లియో అనే రోమా అధికారి ముందు నిలబెట్టారు. ఆ గల్లియో పేరున్న శాసనం డెల్ఫీలో దొరకడం వల్ల పౌలు అక్కడున్న కాలం క్రీ.శ. 51 ప్రాంతమని పండితులు నిలబెట్టగలిగారు. పౌలు బతుకులో తేదీ ఇంత గట్టిగా చెప్పగల చోటు ఇంకొకటి లేదు. తను అపొస్తలుడినని రుజువు చేసుకోవాల్సిన చోట ఆయన ఏకరువు పెట్టిన పద్దు చూడండి: ఐదుసార్లు ఒకటి తక్కువ నలభై దెబ్బలు, మూడుసార్లు బెత్తాల దెబ్బలు, ఒకసారి రాళ్ల దెబ్బలు, మూడుసార్లు ఓడ పగలడం. అధికారానికి ఆయన చూపిన సాక్ష్యం తన ఒంటి మీది మచ్చలు. చివరికి నీరో కాలంలో రోమాలో చంపబడ్డాడని సంఘ సంప్రదాయం. ఆయన వదిలిపోయిన ఆస్తి ఉత్తరాలే. వాటిని తెలుగులో పత్రికలన్నారు. పత్రిక అంటే ఇవాళ వార్తాపత్రిక గుర్తొస్తుంది గానీ, లగ్నపత్రికలో పాత అర్థం ఇంకా బతికే ఉంది. రోమాకు రాసిన ఆ గొప్ప ఉత్తరంతో పాటు పౌలు సిఫారసు చేసి పంపింది ఫీబే అనే స్త్రీని. దాన్ని మోసుకుపోయింది ఆమేనని పండితుల మాట. ఆ ఉత్తరం చివర్లోనే యూనీయ అనే స్త్రీని అపొస్తలుల్లో పేరున్న మనిషిగా ఆయన తలచుకుంటాడు. ఆమె స్త్రీయా పురుషుడా అని పడమటి పండితులు చాలాకాలం వాదించుకున్నారు. తెలుగు బహువచనానికి ఆ తగవు లేదు. అపొస్తలులు అంటే ఇద్దరూ ఇముడుతారు.

రోమా పత్రిక మొదటి వాక్యంలో పౌలు తనను రెండు మాటలతో పరిచయం చేసుకున్నాడు: దాసుడు, అపొస్తలుడు. ఈ రెండూ పక్కపక్కన ఎలా నిలుస్తాయో అర్థం కావాలంటే మా ఊళ్ల పాత బతుకు తెలియాలి.

నిజాం కాలంలో ఊళ్లో పంపబడే మనిషి ఒకడుండేవాడు: బేగారి. పటేలు కబురు, పట్వారి కబురు, తహసీలు నుంచి వచ్చిన అధికారి మూట, అన్నీ వాడి నెత్తిమీదే. కూలి లేదు, కాదనే వీలు లేదు. ‘తోలియ్యి వాన్ని’ అనేవాళ్లు. తోలడం అంటే మా దగ్గర ఎడ్లనూ తోలుతారు, మనుషులనూ తోలుతారు. ఆడపిల్లను అత్తగారింటికీ తోలిస్తారు. మాటలో తేడా లేదు, మర్యాదలో ఎంతో తేడా. మెదక్, నిజామాబాద్ పల్లెల్లో వెస్లియన్ మిషన్ వాళ్లు సువార్త చెప్పినప్పుడు మొదట విన్నవాళ్లు ఎక్కువగా ఈ బేగారి చేసిన మాల మాదిగ వాడలవాళ్లే. ఒకరు పంపితే పోవడం వాళ్లకు పుట్టుకతో తెలిసిన పని. కానీ పంపబడిన మనిషికి పంపినవాడి గౌరవం దక్కుతుందని, వాడి మాటను పంపినవాడి మాటగా వినాలని వాళ్లకు ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. దాసుడే అపొస్తలుడు కాగలడన్న వాక్యం బేగారి ఇంట్లో వినిపించినప్పుడు ఎంత బలంగా తాకి ఉంటుందో ఊహించగలను. ఆ బలం ‘అపొస్తలుడు’ అనే పలకరాని రూపంలో దాగిపోయింది.

తెలుగులో దానికి సరిపడే మాట ఉండనే ఉంది. పాత కావ్యభాషలో ‘పంపు’ అంటే క్రియ మాత్రమే కాదు, నామవాచకం కూడా. ఆజ్ఞ అని అర్థం. తండ్రి పంపున అడవికి పోవడం, రాజు పంపు చేయడం అన్నవి మన పురాణాల్లో ఎప్పుడూ వినే మాటలు. పంపడమూ ఆజ్ఞా ఒకే మాటలో ఉన్న భాష మనది. పౌలు ఏ రెండు భావాల కోసం కొట్లాడాడో ఆ రెండూ అందులో ఉన్నాయి. ఆ నామవాచకం వాడుకలోంచి జారిపోయింది. ఇవాళ పంపు అంటే బోరుకు బిగించేదే గుర్తొస్తుంది.

భీమ్‌గల్ గాలిలో ఈ భావానికి ఇంకో పేరు రోజూ ఐదుపూటలా వినిపిస్తుంది: రసూల్. అరబ్బీలో పంపబడినవాడు అనే అర్థం. ఉర్దూ బైబిల్లో అపొస్తలుల కార్యములకు పేరు ‘రసూలోఁ కే ఆమాల్’. ఇదే ధాతువు నుంచి పుట్టిన ఇర్సాలు పాత రెవెన్యూ తెలుగులో ఖజానాకు పంపే సొమ్ము. ఇక లాటిన్ వాళ్లు పంపడాన్ని మిస్సియో అన్నారు, దాన్నుంచే మిషన్. నల్లా నీళ్ల పథకానికి కూడా మిషన్ భగీరథ అని పేరు పెట్టుకున్నాం. మసీదు ముందు నుంచి చర్చి మీదుగా నల్లా దగ్గరికి నడిచే మనిషి ఒకే అర్థం ఉన్న మూడు మాటల పక్క నుంచి పోతున్నాడు. చుట్టరికం తెలియకుండా మన మధ్యే బతుకుతున్న ఈ మాటలను చూస్తే నాకు ప్రేమ పుట్టుకొస్తుంది.

ఇక ఈ బిరుదు మన నేలమీద ఎవరికి దక్కింది? ఒంగోలు మిషనరీ జాన్ క్లౌను తెలుగువారి అపొస్తలుడని అమెరికా బాప్టిస్టులు కీర్తించారు. 1878 జులై 3న ఆయన మిషన్‌లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, కరువు కాలం అది. మా జిల్లాకు వస్తే 1907లో స్కాట్లండ్ నుంచి వచ్చిన డాక్టరమ్మ ఇసాబెల్ కెర్ గుర్తొస్తుంది. నిజామాబాద్‌లో దవాఖాన పని చేస్తుంటే కుష్టు రోగులు వచ్చి వాకిట్లో కూర్చునేవాళ్లు, వాళ్లకు చోటు లేదు. నర్సా గౌడ్ అనే హిందూ దాత డబ్బిస్తే 1915లో డిచ్‌పల్లిలో కుష్టు దవాఖాన లేచింది. చాల్మోగ్ర జాతి గింజల నూనెను సూదిమందుగా ఎక్కించేవాళ్లు. డాక్టరు కాని ఆమె భర్త జార్జ్ కూడా పక్కన నిలబడి ఆ పని చేశాడు. ఆమె 1932లో పోయింది. ఆమెను అపొస్తలురాలని ఎవరూ రాసినట్టు నేను చూడలేదు. ఎపఫ్రొదితు అర్థంలో, రోగి దగ్గరికి పంపబడిన మనిషి అర్థంలో, ఆ మాట ఆమెకు చక్కగా సరిపోతుంది. డబ్బిచ్చిన గౌడ్ గారిని కూడా ఆ పద్దులోంచి తీసేయడానికి నా మనసొప్పదు.

అంతకన్నా నాకు ముఖ్యమైనవాళ్లు వేరే ఉన్నారు. మిషనరీ దొర గుర్రం మీదో, బండి మీదో ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చేవాడు. మిగతా రోజులన్నీ వాడలో దీపం పెట్టి అక్షరాలు దిద్దించింది, పురుగు ముట్టినవాణ్ణి దవాఖానకు మోసుకుపోయింది, శవం లేపింది తెలుగు సువార్తికులు, బైబిల్ స్త్రీలు. బైబిల్ స్త్రీ అన్నది అప్పటి మిషన్ లెక్కల్లో ఒక ఉద్యోగం పేరు. సంచీలో పుస్తకాలు, చేతిలో ఊతకర్ర, ఊరినుంచి ఊరికి నడక. మెదక్ పెద్ద చర్చిని 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించారు. కట్టించిన పాస్నెట్ దొర పేరు అందరికీ తెలుసు. ఆ చర్చికి మనుషులను తెచ్చిన ఈ నడిచిన కాళ్లకు పేర్లు మిగల్లేదు. గ్రీకు మాట అర్థం ప్రకారం చూస్తే మొదట అపొస్తలులనాల్సింది వాళ్లనే.

ఇవాళ కూడలిలో కట్టిన ఫ్లెక్సీల మీద ‘అపొస్తలుడు’ అని పేరుకు ముందు వేసుకోవడం పెరిగింది, డాక్టర్, రెవరెండ్ పక్కన ఇంకో మెట్టులాగా. నాకు అది నచ్చదు, దాచుకోను. పౌలు ఆ మాటను పేరు పక్కన పెట్టుకున్న ప్రతిసారీ ఎవరు పంపారో, ఎవరి కోసమో కూడా రాశాడు. ఆ రెండూ లేకుండా రాస్తే అది సగం మాట.

మాటను మార్చమని నేను అడగను. ఇన్ని తరాలు దాన్ని నమ్ముకుని పలికాయి, తడబడుతూనే పలికాయి. అడిగేది ఒకటే. భీమ్‌గల్, వేల్పూర్, ఆర్మూర్, డిచ్‌పల్లి చుట్టుపక్కల మీ సంఘంలో ఎనభై దాటిన అవ్వ ఎవరైనా ఉంటే, మొదట మన వాడకు వాక్యం తెచ్చింది ఎవరు, ఏ ఊరి నుంచి నడిచి వచ్చారు, ఆ బైబిల్ స్త్రీ పేరేమిటి అని అడగండి. చెప్పిన పేరును సంఘపు రిజిస్టరులో తారీఖు వేసి రాయండి. ఆ అవ్వలు ఉండగానే ఈ పని కావాలి.